ఇరుగుడు చెక్క, గ్రనాడా పాట

స్పానిష్ గిటార్ నేర్చుకునేవారి తీర్థయాత్రా స్థలం ఒక ఇరుకైన కొండవీధి. అక్కడి గిటార్‌లో స్పెయిన్‌ది ఎంత, మనది ఎంత?

2000ల మొదట్లో సెల్‌ఫోన్ కొన్న భారతీయుల్లో చాలామంది ఫ్రాన్సిస్కో తార్రెగా సంగీతం విన్నవారే, ఆ పేరు తెలియకపోయినా. సినిమా హాల్లో, బస్సులో, ఒక్కోసారి పెళ్లి పీటల మీద కూడా మోగిన నోకియా రింగ్‌టోన్‌లోని పదమూడు స్వరాలు ఆయన 1902లో గిటార్ కోసం రాసిన 'గ్రాన్ వాల్స్' లోనివి. గిటార్ నేర్చుకునే వాళ్ల దగ్గర ఈ సంగతి ఎత్తితే కాస్త చిరాకు పడతారు. వాళ్ల దృష్టిలో తార్రెగా అంటే మరో రచన: 'రెకుఎర్దోస్ దె లా అలాంబ్రా', అంటే అల్‌హంబ్రా జ్ఞాపకాలు. నాలుగైదు నిమిషాల ఈ రచనను తప్పు లేకుండా వాయించడానికి ఏళ్లు పడుతుంది. ఆ జ్ఞాపకాల చిరునామా స్పెయిన్ దక్షిణాన ఉన్న గ్రనాడా.

ఊరి నడుమ ఉన్న ప్లాజా నువేవా నుంచి అల్‌హంబ్రా కోటకు (స్థానికులు 'హ' పలకరు) నడిచి వెళ్లాలంటే కుయెస్తా దె గోమెరెస్ అనే వీధి ఎక్కాలి. ఏటవాలు దారి. ఇరువైపులా నాలుగైదు అంతస్తుల పాత ఇళ్లు, బాల్కనీల్లో పూలకుండీలు, కింద ఫ్రిజ్ అయస్కాంతాలూ విసనకర్రలూ అమ్మే దుకాణాలు. వాటి మధ్య గిటార్ తయారీదారుల వర్క్‌షాపులు. వాటిలో ఫెర్రెర్ కుటుంబానిది 19వ శతాబ్దం నుంచీ ఉన్న పేరు. ఆ కుటుంబానికి చెందిన బెనితో ఫెర్రెర్ చేసిన వాద్యమే ఆంద్రేస్ సెగోవియా తొలి గిటార్. వీధి చివర 16వ శతాబ్దంలో కట్టిన దానిమ్మల ద్వారం ఉంటుంది. స్పానిష్‌లో గ్రనాడా అంటే దానిమ్మే. ద్వారం దాటగానే వేసవిలోనూ చల్లగా ఉండే చెట్ల నీడ. రెండు పక్కలా చిన్న కాలువల్లో నీళ్లు గలగలమంటూ కిందికి పోతుంటాయి.

తార్రెగా రచన విన్నవారికి ఈ కాలువలు వెంటనే గుర్తుకొస్తాయి. ఆ స్వరాలు కోటలోని జలయంత్రాల చప్పుడేనని గైడ్లు ఘంటాపథంగా చెబుతారు. తార్రెగా అలా అన్నాడా లేదా అని ఏ గైడూ ఆలోచించడు, పర్యాటకులూ అడగరు. ఆయన ఈ ఊరివాడు కాదు. 1852లో వలెన్సియా ప్రాంతంలోని విల్లార్రెయల్‌లో పుట్టాడు. చిన్నతనంలో పంటకాలువలో పడటం వల్ల చూపు దెబ్బతింది. తర్వాత బార్సిలోనాలో స్థిరపడి 1909లో అక్కడే కన్నుమూశాడు. గ్రనాడాకు అతిథిగా వచ్చాడు. అతిథి రాసిన పాటే ఊరికి జాతీయగీతమైంది.

ఆ మాటకొస్తే 'స్పానిష్ గిటార్ సంగీతం'గా ప్రపంచం వినే దానిలో ఇలాంటి తిరకాసులు చాలా ఉన్నాయి. గిటార్ విద్యార్థులందరూ ఎప్పటికైనా వాయించాలని కలలుగనే 'అస్తూరియాస్' నిజానికి ఇసాక్ అల్బేనిస్ పియానో కోసం రాసింది. గిటార్ వాయించినట్టు వినిపించాలని పియానో కోసం రాశాడు, తర్వాతి వాళ్లు దాన్ని గిటార్‌కు తెచ్చుకున్నారు. ఆ పేరు కూడా ఆయన మరణానంతరం ప్రచురణకర్త తగిలించినదే. ఉత్తరాన ఉన్న అస్తూరియాస్‌తో ఆ దక్షిణాది బాణీకి సంబంధమే లేదు. గ్రనాడాలో రెండు దశాబ్దాలు నివసించిన మాన్యుయెల్ దె ఫాయా గిటార్ కోసం ప్రత్యేకించి రాసిన ఏకైక రచన, 1920 నాటిది, ఒక ఫ్రెంచివాడికి నివాళి. ఆ ఫ్రెంచివాడు దెబ్యుసీ. గ్రనాడా సాయంత్రం మీద పియానో రచన చేసిన ఆయన గ్రనాడాలో అడుగే పెట్టలేదు.

అయితే గ్రనాడాకు గిటార్ పట్టుకుని వచ్చేవారికి ఈ చరిత్ర కన్నా ముందు మరో సమస్య ఎదురవుతుంది. వేళ్లు. గిటార్ తంతి మీటగానే స్వరం పుట్టి వెంటనే సన్నగిల్లిపోతుంది. వయొలిన్‌లా సాగదీయడానికి కమాను లేదు. అందుకే ట్రెమొలో. బొటనవేలు కింది స్థాయి స్వరాన్ని మీటుతుంది. ఆ వెంటనే ఉంగరపు వేలు, మధ్యవేలు, చూపుడువేలు వరసగా ఒకే తంతిని తాకుతాయి. మళ్లీ బొటనవేలు. ఇది తగినంత వేగంగా, సమానంగా సాగితే చెవి మోసపోతుంది. మూడు దెబ్బలు వినపడవు, తెగని దారంలా ఒకే స్వరం వినపడుతుంది. సమానంగా సాగకపోతే మాత్రం గుర్రం పరుగు వినపడుతుంది. మధ్యవేలు తొందరపడటం, ఉంగరపు వేలు బలహీనంగా పడటం దాదాపు అందరికీ ఉన్న జబ్బే.

ఒంటరిగా సాధన చేసేవారికి ఈ జబ్బు తెలియదు. ఎడమచేయి ఎక్కడ నొక్కాలి, తర్వాతి కార్డ్ ఏమిటి అన్న హడావుడిలో చెవి పనిచేయదు. అందుకే ఈ రచనను నలుగురితో కలిసి నేర్చుకోవాలంటారు. ఒకరు వాయిస్తుంటే మిగిలినవాళ్లు వేళ్లవైపు చూడకుండా వింటారు. రచనను ఇద్దరు పంచుకోవడం మరో పద్ధతి. ఒకరు బొటనవేలి భాగం, మరొకరు పై స్వరం వాయించి, తర్వాత మార్చుకుంటారు. అప్పుడే చాలామందికి తెలుస్తుంది, ఇన్నాళ్లూ తాము అలంకారమనుకుని వదిలేసిన కింది స్వరాల్లోనే పాట నడక ఉందని. తంతుల మీద చిన్న గుడ్డ పెట్టి నాదం రాకుండా కేవలం దెబ్బలు వినడం ఇంకో కిటుకు. ఊపిరి బిగపట్టి మెట్రోనోమ్ ముందు కూర్చునే ఈ సాధనలో అల్‌హంబ్రా సౌందర్యం ఏమీ కనిపించదు. మృదంగం నేర్చుకునే పిల్లాడి పాఠానికీ దీనికీ పెద్ద తేడా లేదు.

గురువు ఎంత చెబితే అంతేనా అన్న పేచీ కూడా మనకు తెలిసినదే. 1893లో లినారెస్‌లో పుట్టి గ్రనాడాలో పెరిగిన సెగోవియా చాలావరకు తనంతట తాను నేర్చుకున్నాడు. తొలి కచేరీ ఇచ్చిందీ ఈ ఊళ్లోనే, 1909లో. హోటళ్లలో, సారాయి దుకాణాల్లో మోగే వాద్యాన్ని ప్రపంచ కచేరీ వేదికలకు ఎక్కించాడు. 1958లో మొదలైన సాంతియాగో దె కొంపొస్తెలా వేసవి తరగతుల్లో ఆయన ముందు కూర్చోవడం నాటి యువ గిటారిస్టులకు పట్టాతో సమానం. కానీ స్వయంగా నేర్చుకున్న ఆ మనిషే శిష్యులు తాను నిర్ణయించిన వేళ్ల వరస తప్పితే సహించలేకపోయాడు. ఆయన దగ్గర చదివిన జాన్ విలియమ్స్ తర్వాత ఈ ధోరణిని బాహాటంగానే విమర్శించాడు. 1987లో సెగోవియా మరణించాక ఆ పట్టు సడలింది. ఇప్పుడు ఒకే రచనకు నాలుగు రకాల ఫింగరింగ్‌లు చలామణిలో ఉన్నాయి. ఎవరి చేతికి ఏది నప్పితే అది. నేర్చుకునే వారికి ఇది మేలే, కాకపోతే వాదనలు పెరిగాయి.

కుయెస్తా దె గోమెరెస్ వర్క్‌షాపుల్లో ఇంకో కథ ఉంది. గిటార్ పైపలక ఐరోపా స్ప్రూస్ లేదా ఉత్తర అమెరికా సెడార్. మెడకు మధ్య, దక్షిణ అమెరికాల నుంచి వచ్చే సెద్రో కలప. వేళ్లు నొక్కే పట్టీకి నల్లచేవమాను, అదీ దిగుమతే. పక్కపలకలకూ వీపుకూ అత్యధికంగా వాడేది ఇండియన్ రోజ్‌వుడ్. తెలుగు అడవుల్లో ఇరుగుడు, జిట్రేగి అని పిలిచే చెట్టే అది. బ్రెజిల్ రోజ్‌వుడ్ వ్యాపారంపై 1992లో అంతర్జాతీయ నిషేధం వచ్చాక దీని గిరాకీ ఇంకా పెరిగింది. 2017 జనవరిలో ఈ జాతి చెట్లన్నిటినీ సైటిస్ ఒప్పందం రెండో జాబితాలో చేర్చడంతో, పూర్తయిన గిటార్ సరిహద్దు దాటాలన్నా పత్రాలు కావలసి వచ్చింది. తయారీదారులు, సంగీతకారులు గగ్గోలు పెట్టాక 2019 నవంబర్ నుంచి పూర్తయిన వాద్యాలకు మినహాయింపు దొరికింది. చెక్కకు మాత్రం నియంత్రణలు పోలేదు. అలవాటు మార్చుకోవడం ఇష్టంలేని కొనుగోలుదార్లు ఇప్పటికీ 'ఇండియా చెక్కేనా' అని అడుగుతారు. పలుచటి ఆ ముదురు గోధుమరంగు పలకలు వంపు తిరిగే ముందు ఏళ్ల తరబడి అరల్లో ఆరుతుంటాయి.

నిజానికి నాదానికి ప్రాణం పైపలకే. ఆధునిక గిటార్ రూపశిల్పి, అల్మేరియాకు చెందిన ఆంతోనియో దె తోరెస్ ఆ సంగతి రుజువు చేయడానికే 1862లో వీపునూ పక్కలనూ అట్టతో చేసి ఒక గిటార్ కట్టాడు. అది బార్సిలోనా సంగీత మ్యూజియంలో ఉంది. అట్ట పనిచేస్తుందని తెలిసి నూట అరవై ఏళ్లు దాటినా గిరాకీ ఇరుగుడు చెక్కకే. సంగీతకారుల్లో సంప్రదాయం తర్కం కన్నా గట్టిది.

ఇలా మన అడవుల నుంచి వెళ్లిన చెక్క గ్రనాడాలో గిటారై కొన్ని వేల యూరోలు పలుకుతుంది. అది తిరిగి మన దగ్గరికి వచ్చినా బతకడం కష్టమే. రాయపూర్ నుంచి బిలాస్‌పూర్ దారిలో స్పాంజ్ ఐరన్ బట్టీల మసి కప్పుకున్న సిల్తారా లాంటి చోటును ఊహించుకోండి. మే నెలలో ఉష్ణోగ్రత 45 డిగ్రీలకు చేరి గాలిలో తేమ ఆవిరవుతుంది. జూలైలో అదే గాలి తడిగుడ్డలా ఉంటుంది. గిటార్‌కు కావలసింది 50 శాతానికి అటూఇటూగా తేమ. గ్రనాడా వేసవీ పొడిగానే ఉంటుంది కానీ అక్కడి వర్క్‌షాపుల్లో తేమను కొలిచి అదుపు చేస్తారు. అసలు చెక్కతో చేసిన పైపలక సిల్తారా ఎండకు పగులుతుంది, వానకు ఉబ్బుతుంది. అక్కడ ఎవరైనా తార్రెగాను నేర్చుకోవాలంటే ప్లైవుడ్ గిటారే తెలివైన ఎంపిక, చవక కూడా. రాయపూర్, భిలాయ్‌లలో తరాలుగా స్థిరపడిన తెలుగు కుటుంబాల్లోని కుర్రాడైనా, విశాఖ గాజువాకలోని అమ్మాయైనా కొనుక్కోగలిగేది అదే. ఉంగరపు వేలి బలహీనతకు మాత్రం చెక్క తేడా లేదు.

గ్రనాడా వైభవంలోనూ ఒక బాధ ఉంది. 1492 జనవరి 2న చివరి ముస్లిం పాలకుడు బోఅబ్దిల్ అల్‌హంబ్రా తాళాలు ఫెర్డినాండ్, ఇసాబెల్లాల చేతికిచ్చాడు. కొన్ని నెలలకే అదే కోట నుంచి యూదుల బహిష్కరణ ఆజ్ఞ వెలువడింది. తర్వాతి శతాబ్దంలో ముస్లింలకు బలవంతపు మతమార్పిడి, 1609 నుంచి దేశబహిష్కరణ. ఎవరిని వెళ్లగొట్టారో వారి కట్టడాలే ఇప్పుడు ఊరికి అన్నం పెడుతున్నాయి. తార్రెగా ఈ రచనకు తొలుత 'అరబ్బు గీతం' అని ఉపశీర్షిక పెట్టాడు. ముద్రణలో అది కనిపించదు.

సాయంత్రం లోయ అవతల అల్బాయ్‌సిన్ కొండ మీది సాన్ నికొలాస్ చర్చి ముంగిలి నిండిపోతుంది. ఎదురుగా ఎర్రబారే కోట, దాని వెనక సియెర్రా నెవాదా శిఖరాలు. పిట్టగోడ మీద కూర్చుని గిటార్ వాయించేవాళ్లు ఎవరో ఒకరు ఉంటారు. టోపీలో నాణేలు పడాలంటే ఏం వాయించాలో వాళ్లకు బాగా తెలుసు. ఎ మైనర్‌లో మొదలై ఎ మేజర్‌లోకి వెలుగు తిరిగినట్టు తిరిగే చోట జనం ఫోన్లు పైకెత్తుతారు. మధ్యవేలు కాస్త తొందరపడుతుంది. గిటార్ నేర్చుకుంటున్నవాళ్లు గుంపులో ఇద్దరు ఉంటే, ఒకరి ముఖం ఒకరు చూసుకుంటారు.