ఎర్రుపాలెంలో ఒక్క టేకులో ఓకే!

విజయవాడ నుంచి కాజీపేట వెళ్ళే లైనులో మధిరకు ముందొస్తుంది ఎర్రుపాలెం. జమలాపురం వెంకన్న దర్శనానికి వచ్చేవాళ్ళు దిగే చిన్న స్టేషను. నేను దిగింది మాత్రం సంక్రాంతి ముగ్గుల పోటీ చూద్దామని!

వీధి వీధంతా చుక్కలే. ఓ డ్రాయింగు మాస్టారు పదిమంది పిల్లల్ని వెంటేసుకుని తిరుగుతున్నారు. వాళ్ళు ముగ్గుని నోటు పుస్తకాల్లోకి ఎక్కించబోతే కసిరారు: "అది తర్వాత! ముందు ఆ మామ్మ చెయ్యి చూడండ్రా!" నిజమే. చిటికెలోంచి పిండి జారుతోంది, గీత తెగడంలేదు. రబ్బరుతో పనేలేదు.

టీ తాగుతూ భద్రాచలం వైపు కోయల పడిగెల సంగతి చెప్పారాయన. గుడ్డ మీద వంశాల కథ బొమ్మలుగా ఉంటుంది. డోలు వాయిస్తూ కథ పాడేవాళ్ళుంటేనే ఆ బొమ్మలకు ప్రాణం. మన సినిమాకి తాతగారన్నమాట! డోలు మీద సమ్మక్క సారలమ్మ కథలు పాడిన మణుగూరు ప్రాంతపు సకిని రామచంద్రయ్యకు 2022లో పద్మశ్రీ ఇచ్చారు. 2024లో ఆయన కన్నుమూశారు.

"పడిగెని పెట్టెలో దాచొచ్చు. ఆ గొంతునీ, ఆ చేతినీ ఎక్కడ దాస్తామండీ? అందుకే వీళ్ళని తిప్పుతున్నా" అన్నారు మాస్టారు.

ఇంతలో ఓ ఆటో ముగ్గుని తొక్కుకుంటూ పోయింది. పిల్లలు అయ్యో అన్నారు. మామ్మ నవ్వేసి, పిండి గిన్నె ఓ పిల్ల చేతికిచ్చింది. మొదటి చుక్క పెట్టడానికే ఆ పిల్ల అయిదు నిమిషాలు ఆలోచించింది.