కంకర మీద బర్ఫ్

బఫెలో అవతల పల్లెలో ఉంటాడు మా ఖాలా కొడుకు, భాయిజాన్. ఈరీ సరస్సు మీంచి వచ్చే గాలి ఒక్క రాత్రిలో మోకాలిలోతు బర్ఫ్ పోసిపోతుంది. ఇంటినుంచి సడక్ దాకా కంకర దారి. ఖాలాకి వారానికి 3 రోజులు డయాలిసిస్, నాగా పెడితే జాన్‌కే ఖత్రా. అందుకే ఫజర్ నమాజ్ కాగానే ట్రాక్టరెక్కుతాడు.

బర్ఫంతా గీకడు. నేల గడ్డకట్టకముందే బ్లేడు ఆనిస్తే కంకర కూడా గడ్డిలోకి పోతుంది, బర్ఫ్ కరిగాక ఏరుకోవాలి. బ్లేడుకి ఇనుప పాదాలు బిగించి అంగుళమెత్తున నడుపుతాడు. మొదటి బర్ఫ్‌ని టైర్లతో తొక్కించి వదిలేస్తాడు. అది గడ్డకట్టి కంకరని పట్టుకుంటుంది. ‘దస్తర్‌ఖాన్ పరిచాడు’ అంటుంది ఖాలా. ఆమెకి ఏ పోలికైనా తిండిదే.

అసలు ముసీబత్ దారి మొగలో. సడక్ ఊడ్చే సర్కారు బండి అక్కడ కట్ట పోసిపోతుంది, సిమెంటులా బిగుస్తుంది. మళ్లీ ట్రాక్టర్. ఏడింటికల్లా కారు సడక్ ఎక్కాలి.