అర్జీకి వంతపాట

ఈ మధ్య మన పిల్లలు వినే పాటల్లో ఒక వింత ఏర్పాటు కనిపిస్తూన్నది. ఒక అమ్మాయో, అబ్బాయో పల్లవి ఎత్తుకుని చక్కగా పాడుతూ వుంటారు. సగం దారిలో మరొకడెవడో చుట్టపుచూపుగా వచ్చి, రాగం ప్రసక్తి లేకుండా, ఊపిరి తీసుకోకుండా, గడగడా పాతిక పంక్తులు అప్పజెప్పి వెళ్ళిపోతాడు. పల్లవి మళ్ళీ మొదటికి వస్తుంది. ఆ వచ్చి పోయినవాని పేరు కూడా పాట పేరు ప్రక్కన “ఫీచరింగ్ ఫలానా” అని వేస్తారు. అతడు చేసే పనిని ర్యాప్ అంటారు. మా కాలనీలో ఒక పెద్దాయన అది విని, “ఇది పాటా నాయనా, వేలంపాటా?” అని అడిగారు. ఆయన అడగడంలో న్యాయం లేకపోలేదు.

కాని కాస్త నిదానించి చూస్తే ఈ చుట్టం మనకు బొత్తిగా కొత్తవాడు కాదు. బుర్రకథను జ్ఞాపకం తెచ్చుకోండి. మధ్య తంబురాతో కథకుడు, అటూ ఇటూ ఇద్దరు వంతలు. ఒకరు హాస్యం, మరొకరు రాజకీయం. కథకుడు బొబ్బిలి యుద్ధం చెబుతూ వుండగా రాజకీయ వంత అడ్డు తగిలి, ఆ వూరి కరువు సంగతో, పన్నుల సంగతో ఎత్తేవాడు. హాస్య వంత దానిమీద ఒక విసురు విసిరేవాడు. జనం పగలబడి నవ్వేవారు. పద్మశ్రీ షేక్ నాజర్ వంటి మహానుభావులు ఆ కళను ఎంత పదునుగా వాడారంటే, ఆనాటి మద్రాసు ప్రభుత్వమూ, నిజాం ప్రభుత్వమూ బుర్రకథను నిషేధించవలసినంత భయపడ్డాయి. ఇక ఒకరి పాట వరసను తీసుకుని అందులో ఎగతాళి నింపడమంటారా, పేరడీలో మనకు జలసూత్రం రుక్మిణీనాథశాస్త్రిగారే వుండేవారు.

మనం వుంటున్న ఈ గడ్డకూ ఇది కొత్త కాదు. దీపావళి వెళ్ళి వరికోతలయ్యాక మన చంద్రపూర్, గడ్చిరోలి జిల్లాల పల్లెల్లో రాత్రంతా ఆడే ఝాడీపట్టీ నాటకాలను మనలో చాలామంది చలికి దుప్పటి కప్పుకుని చూసినవారే. ఆ రంగస్థలంపై జీవితమంతా గడిపిన పరశురామ్ ఖుణేగారికి 2023లో పద్మశ్రీ వచ్చింది. ఆ నాటకాల్లో కథ ఎంత విషాదమైనా, నవ్వించేవాడొకడు మధ్యలో వచ్చి ఊళ్ళో పెత్తందారుకు నాలుగు చురకలు వేయకుండా పోడు. ఇక పాట బలమంటారా, 1942 ఆగస్టులో చిమూరు గ్రామం తిరగబడటం వెనుక తుకడోజీ మహారాజ్ ఖంజిరీ భజనల ఊపు వున్నదని ఈ జిల్లాలో పిల్లవాడైనా చెబుతాడు. ప్రభుత్వం ఆయనను నిర్బంధించింది కూడాను.

కనక వ్యంగ్యపు పాట ఎక్కడిదని వాదించుకోవడం అనవసరం. దానివల్ల పని ఏమైనా జరుగుతుందా లేదా అనేదే అసలు ప్రశ్న. ఇందుకు రెండు ఉదాహరణలు చెబుతాను.

మొదటిది కొడైకెనాల్‌ది. అక్కడ ఒక థర్మామీటర్ల ఫ్యాక్టరీ వుండేది. అది చివరకు హిందుస్థాన్ లీవర్ కంపెనీ చేతికి వచ్చింది. 2001 మార్చిలో, పాదరసం అంటుకున్న పగిలిన గాజు పెంకులు టన్నుల కొద్దీ ఒక తుక్కు దుకాణంలో బయటపడ్డవి. ఆ ఏడే ఫ్యాక్టరీ మూతపడింది. పాదరసం వల్ల తమ ఆరోగ్యం చెడిందని పాత కార్మికులు మొరపెట్టుకున్నారు. 2006లో మద్రాసు హైకోర్టుకు వెళ్ళారు. ఏళ్ళు గడిచినవి. 2015 జూలై చివర సోఫియా అష్రఫ్ అనే మద్రాసు అమ్మాయి ఒక పాట వదిలింది. 2012లో రెహమాన్ సంగీతం చేసిన ‘జబ్ తక్ హై జాన్’ చిత్రంలో నీతి మోహన్ పాడిన ‘జియా రే’ పాట నడుమ చుట్టపుచూపుగా వచ్చి ర్యాప్ చెప్పినది ఈమే. ఈసారి అమెరికాలో నికీ మినాజ్ పాడగా ఊరూరా మోగిన ‘అనకొండ’ వరసను తీసుకుని, అందులో కొడైకెనాల్ పాదరసం కథను నింపింది. చూడటానికి ఆటపాట, వినబోతే నిలదీత. కొద్ది రోజుల్లో లక్షలాది మంది చూశారు. లండనులోని పెద్ద కంపెనీ అధికారి సైతం బహిరంగంగా జవాబు చెప్పుకోవలసి వచ్చింది. 2016 మార్చిలో కంపెనీకీ, 591 మంది పాత కార్మికులకూ రాజీ కుదిరింది.

రెండవది మన రాష్ట్రపు ముచ్చట. 2017లో ‘సోనూ’ అనే మరాఠీ పాట పిల్లా పెద్దా అందరి నోటా ఆడింది. ఆ జూలైలో, వానలకు బొంబాయి రోడ్లు గుంటలు పడివున్న సమయంలో, రెడ్ ఎఫ్.ఎం. రేడియోలో మాట్లాడే మలిష్కాగారు అదే వరసలో నగరపాలక సంస్థను ఎద్దేవా చేస్తూ పాట కట్టి పాడారు. వూరంతా నవ్వింది. ఆమెపై 500 కోట్ల రూపాయల పరువునష్టం దావా వేయాలని అధికారపక్షపు కార్పొరేటర్లు కొందరు కోరారు. ఇంతలో మునిసిపాలిటీవారు ఆమె యింటికి తనిఖీకి వెళ్ళి, పూలకుండీ క్రింది పళ్ళెపు నీటిలో డెంగీ దోమ పిల్లలున్నాయని ఆమె తల్లిగారి పేర నోటీసు యిచ్చారు. రోడ్డుమీద గుంటలు కనిపించనివారికి పళ్ళెంలో దోమపిల్ల కనిపించిందంటే పాటకెంత శక్తి వున్నదో చూడండి! కాని గుంటలు? 2018 వానాకాలంలో గుంటలమీదనే ఆమె మరో పాట చేయవలసి వచ్చింది.

రెండూ ఎగతాళి పాటలే. రెండూ అరువు వరసలే. ఒకదాని వెంట ఏడెనిమిది నెలల్లో కార్మికులకు రాజీ వచ్చింది. రెండవదాని వెంట నోటీసు వచ్చింది. ఎందుచేత ఇలా జరిగింది?

ఇక్కడ నా ఉద్యోగపు సంగతి కొంచెం చెప్పవలసి వుంది. నేను మెట్రిక్ చదివిన గుమాస్తాను. కార్యాలయం పేరు అనవసరం. నా బల్లమీద ఆవక్-జావక్ రిజిస్టరు వుంటుంది. అర్జీ వస్తే నంబరు వేసి, తేదీ వేసి, ముద్ర కొట్టి, సంబంధించిన శాఖకు పంపిస్తాను. రసీదు చేతబట్టుకుని, పని సగం అయిపోయినట్లే సంతోషంగా మెట్లు దిగిపోయే అర్జీదారులను రోజూ చూస్తూ వుంటాను. నిజానికి ఆ కాగితం నిద్ర అప్పుడే మొదలవుతుంది. పైనుంచి ఎవరో అడిగినప్పుడు మాత్రం దానికి “తాతడీచే” అని ఎర్ర చీటీ కడతారు. అంటే అర్జంటు అన్నమాట. ఎర్ర చీటీ కట్టిన ఫైలు ఆ సాయంత్రమే కదులుతుంది. చీటీలో కొత్త సంగతి ఒక్కటీ వుండదు. సంగతంతా ఫైలులోనే వుంది. చీటీ చేసిందల్లా దాన్ని దొంతర అడుగునుంచి పైకి తీయడమే.

వ్యంగ్యపు పాట నా దృష్టిలో ఆ ఎర్ర చీటీ. కొడైకెనాల్‌లో పాటకంటే ముందే పద్నాలుగేళ్ళ ఫైలు వున్నది. కార్మికుల సంఘం వున్నది, పేర్ల జాబితా వున్నది, కోర్టులో వ్యాజ్యం వున్నది. పాట వచ్చి దానిమీద కూర్చునేసరికి అందరి చూపూ అటు తిరిగింది. ఆ రాజీని పాట ఒక్కటే తెచ్చిందనడం ఆ కార్మికులకు అన్యాయం చేయడమే. బొంబాయి పాట సంగతి వేరు. అది వూరందరి విసుగునూ బాగా చెప్పింది. కాని ఫలానా రోడ్డు, ఫలానా గుంట, ఫలానా తేదీలోగా పూడ్చండి అనే కాగితమేదీ దాని వెంట నడవలేదు. అందుచేత అధికారుల కోపం పాడిన మనిషిమీదికి మళ్ళింది. ఫైలే లేకపోతే ఎర్ర చీటీని దేనికి కడతారు?

ఇదంతా ఇప్పుడెందుకు చెబుతున్నానంటే, ఈ ప్రశ్న మన సంఘం గడపలోకే వచ్చింది. మన పెద్దలు కాజీపేటలో రైలెక్కి బల్లార్షాలో దిగినది బ్రతుకుతెరువు కోసం. బొగ్గుగనులు, కాగితపు మిల్లు, సిమెంటు ఫ్యాక్టరీలు, 2920 మెగావాట్ల థర్మల్ కేంద్రం — మనలో ఏ యింటి పొయ్యి అయినా వీటిలో ఏదో ఒకదాని జీతంతో వెలిగినదే. అదే సమయంలో, 2009లో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి దేశంలోని పారిశ్రామిక ప్రాంతాలకు మార్కులు వేసినప్పుడు, కాలుష్యంలో మన చంద్రపూర్ 83.88 మార్కులతో నాలుగవ స్థానంలో నిలిచింది. మా పిల్లవాడికి లెక్కల్లో అన్ని మార్కులు వచ్చివుంటే మిఠాయి పంచేవాణ్ణి.

మొన్న ఉగాది కార్యక్రమానికి మా కాలనీ పిల్లలు ఒక పాట సిద్ధం చేశారు. పల్లవి తెలుగు. పాడేది మన అమ్మాయే. మధ్యలో చుట్టంగా వచ్చే ర్యాప్ మాత్రం మరాఠీ, చెప్పేవాడు ప్రక్కింటి మరాఠీ కుర్రవాడు. విషయం మా వీధి వెంబడి పోయే బొగ్గు లారీల దుమ్ము. రోజూ యింటింటికీ బొగ్గు పంచిపెడుతున్నారు గదా, దానికి బిల్లు ఎందుకు పంపరు, ఇంత ధర్మబుద్ధి దేనికి అని ఆ కుర్రవాడు అమాయకంగా అడుగుతాడు. మిద్దెమీద బట్టలు ఆరవేసే ఆడవాళ్ళు ఆ మాట విని నవ్విన నవ్వు నేను మరువలేను.

కార్యవర్గంలో మాత్రం వాదన పుట్టింది. గనిలో ముప్పై ఏళ్ళు పనిచేసి రిటైరైన పెద్దాయన, “తిన్న యింటి వాసాలు లెక్కబెట్టే పాట మనకెందుకమ్మా? రేపు మన పిల్లలకే వుద్యోగాలు కావాలి గదా!” అన్నారు. ఆ భయం చిన్నది కాదు. అమ్మాయి నెమ్మదిగా, “తాతయ్యా, పాటలో ఎవరి పేరూ లేదు. దుమ్ము పేరే వుంది. మీ దగ్గు విని పెరిగినదాన్ని గదా, నేను పాడకపోతే ఎవరు పాడతారు?” అన్నది. పెద్దాయన మాట్లాడలేదు. కొంతసేపటికి, “అయితే లెక్క తప్పకుండా పాడండి” అన్నారు.

ఆ ఒక్క మాటమీద మేము పాటను మళ్ళీ విన్నాము. అందులో లారీ డ్రైవరు తాగుడుమీద ఒక ఎకసెక్కెం వున్నది. దాన్ని తీసివేయమన్నాను. టార్పాలిను కొనవలసినది డ్రైవరు కాదు. పైనున్నవానిని అనలేక క్రిందివానిని అంటే అది వ్యంగ్యం కాదు, పిరికితనం. కుర్రవాడు ఒప్పుకుని ఆ చోట టార్పాలినునే పెండ్లికూతురుగా చేసి, ముహూర్తం ఎప్పుడని అడిగాడు. పాట బాగుపడింది కూడా.

తరువాత నాకు తెలిసిన విద్య నేను చేశాను. లారీలకు టార్పాలిను కప్పించాలని, ఆ దారిలో రోజుకు రెండుసార్లు నీళ్ళు చల్లించాలని, రెండే కోరికలతో మరాఠీలో ఒక అర్జీ టైపు చేసి, ఉగాది పచ్చడి పంచే బల్లమీదనే పెట్టాము. పాట అయిపోయాక జనం వరుస కట్టి సంతకాలు చేశారు. మొదటి సంతకం ఆ పెద్దాయనదే. నవ్విన జనం యింటికి పోయి మరచిపోకముందే చేతికి కలం అందించడం ముఖ్యం.

అర్జీకి రసీదు వచ్చింది, జవాబు రాలేదు. నెల తిరిగాక రిమైండరు పంపాము. ఈమధ్య కొన్ని లారీలు టార్పాలిను కప్పుకుని పోతూన్నవి. అది పాట మహిమో, అర్జీ మహిమో, వానలు మొదలైనందువల్లనో నేను చెప్పలేను. వానలు వెనకబట్టాక తేలుతుంది. అప్పటికి రెండవ రిమైండరు సిద్ధంగా వుంచాను.

మన యితర కాలనీల సోదర సోదరీమణులకు నేను చెప్పుకునేదేమంటే, మీ పిల్లలు ఇటువంటి పాట కడితే గోల అని కసరకండి. 2023లో మన రాష్ట్రంలోనే ఒక ర్యాప్ గాయకునిపై పోలీసు కేసు కూడా నమోదైంది. కనక పెద్దల భయమూ కొట్టివేయదగినది కాదు. అందుకే పిల్లలను ఒంటరిగా వేదికమీద నిలబెట్టకండి. పాటలో చెప్పిన ప్రతి సంగతీ నిజమో కాదో మీరు దగ్గర కూర్చుని సరిచూడండి. దాని వెంట వెళ్ళే కాగితం మీరు వ్రాయండి. దానిమీద మొదటి సంతకం పెద్దవాళ్ళది వుండనివ్వండి. మరాఠీలో అర్జీ వ్రాయడం ఎవరికైనా కష్టమైతే, ఆదివారాలు సాయంత్రం నేను సంఘం గదిలోనే వుంటాను.