బానకచర్ల దగ్గర మూడు దారులు

పోతిరెడ్డిపాడు గేట్లు ఎత్తితే శ్రీశైలం నీరు 16 కిలోమీటర్లు కాలువలో నడిచి బానకచర్ల చేరుతుంది. అక్కడ దారి మూడుగా చీలుతుంది: ఒకటి వెలుగోడుకి, ఒకటి గోరుకల్లు వైపు, మరొకటి నిప్పులవాగు మీదుగా కుందూలోకి. వెలుగోడు జలాశయంలో దాదాపు 17 టీఎంసీలు పడతాయి. అక్కడ మొదలైన తెలుగుగంగ కాలువ నల్లమల అంచు పట్టుకుని బండి ఆత్మకూరు, మహానంది, ఆళ్లగడ్డ సీమల మీదుగా దిగి, పెన్నానూ సోమశిలనూ కండలేరునూ దాటి చెన్నైకి తాగునీరవుతుంది.

బండి ఆత్మకూరు రైతు తన తూముకి నీరు కావాలంటాడు, అంతే. ఏ గేటు ఎప్పుడు, ఎంత ఎత్తాలో చూసుకునేది లష్కరు. ఆపరేటింగ్ సిస్టమ్‌లో ఆ లష్కరు కొలువు డిస్క్ డ్రైవర్‌ది. ఎవరి కంటా పడని ఆ పనివాడి మీద నాకు గౌరవం ఎక్కువ.

రైతు తన అడంగల్ ఫైలు తెరవమన్నాడనుకుందాం. ఆ అడగడం ముందు ఫైల్ సిస్టమ్ దగ్గరికి వెళ్తుంది. ఫైలు పేరు అక్కడితో ఆగిపోతుంది. కిందికి దిగేవి డిస్క్ మీది బ్లాక్ నంబర్లే. కావలసినది అప్పటికే మెమరీలో ఉంటే ప్రయాణం అక్కడే ముగుస్తుంది. లేకపోతే పక్కపక్క బ్లాకుల కోసం వచ్చిన కోరికలు కలిసి వరుసలో నిలబడి డ్రైవర్ దాకా వస్తాయి. ఎక్కడి నుంచి, ఎంత, మెమరీలో ఏ చోటికి అన్న మూడు ముక్కల్నీ డ్రైవర్ ఆ పరికరానికి తెలిసిన ఆదేశంగా మార్చి అందిస్తుంది. ఆ తర్వాత ప్రాసెసర్ తన పని తాను చూసుకుంటుంది. పరికరమే డేటాను నేరుగా మెమరీలో పోసి, ఇంటరప్ట్‌తో కబురు పెడుతుంది. డ్రైవర్ ఫలితం సరిచూస్తుంది. తప్పు జరిగితే మళ్లీ ప్రయత్నిస్తుంది, కుదరకపోతే పైకి చెబుతుంది.

పై నుంచి అడిగే తీరు మారదు గానీ, కింద పరికరాలు ఎంతగానో మారాయి. 1956లో ఐబీఎం తెచ్చిన తొలి డిస్క్ యూనిట్‌లో 50 పళ్లేలు తిరిగేవి. నిమిషానికి 7,200 చుట్లు తిరిగే హార్డ్ డిస్క్‌కి ఒక్క చుట్టుకే 8 మిల్లీసెకన్లకు పైగా పడుతుంది, అందుకే అక్కడ కోరికల వరుస క్రమానికి అంత విలువ. డిస్క్‌కి ఆదేశాలు అందించే పాత పద్ధతి ఏహెచ్‌సీఐలో డిస్క్‌కి ఒకటే వరుస, అందులో 32 ఆదేశాలు. ఎన్‌వీఎంఈ అనే కొత్త పద్ధతి వచ్చాక వరుసలే వేలల్లో పెట్టుకోవచ్చు. ఈ తేడాలన్నీ డ్రైవర్ తన మీద వేసుకుంది కాబట్టే, అడంగల్ చూపించే ప్రోగ్రాంలో ఒక్క అక్షరం మార్చాల్సిన పని లేకపోయింది.

చదవడం కన్నా రాయడం దగ్గరే నాకు భయం. ‘రాసేశాను’ అన్న జవాబు ప్రోగ్రాంకి వచ్చేసరికి డేటా ఇంకా మెమరీలోనే ఉండవచ్చు, లేదా డిస్క్ తన సొంత క్యాష్‌లో పెట్టుకుని ఉండవచ్చు. నీళ్లు బానకచర్ల దాటాయన్నంత మాత్రాన ఆళ్లగడ్డ పొలం తడవదు కదా. అందుకే జాగ్రత్తగా కట్టిన డేటాబేస్ ‘నమోదైంది’ అనే ముందు ఫ్లష్, అంటే మిగిలినదంతా డిస్క్ మీద నిజంగా రాసేయమని, అడుగుతుంది. డ్రైవర్ ఆ ఆదేశాన్ని డిస్క్‌కి పంపి, జవాబు వచ్చేదాకా ఆగుతుంది. ఇక్కడ డిస్క్ అబద్ధమాడితే పైన ఎవరికీ తెలిసే దారి లేదు. కరెంటు పోయినప్పుడే బయటపడుతుంది. సర్వర్ల కోసం చేసే చాలా ఎస్‌ఎస్‌డీల్లో, కరెంటు ఆగిన క్షణంలో క్యాష్‌లో మిగిలినదాన్ని రాసి ముగించడానికే కెపాసిటర్లు అమరుస్తారు.