మా మరిది చూపించిన హైటెక్ సిటీ

హైదరాబాద్ వెళ్ళొచ్చామంటే ఇరుగుపొరుగు అడిగేవి మూడే ప్రశ్నలు. చార్మినార్ చూశారా, గోల్కొండ ఎక్కారా, గాజులు తెచ్చారా అని. ఈసారి నేను చూసొచ్చింది మాత్రం మన పిల్లలో, తమ్ముళ్ళో, మరుదులో ఎవరో ఒకరు ఉద్యోగం చేసే చోటు. రోజూ ఫోన్లో మాట్లాడుతూనే ఉంటాం. కానీ వాళ్ళు ఎక్కడ కూర్చుంటారో, ఏం చేస్తారో మనలో ఎంతమందికి తెలుసు చెప్పండి?

మాది భీమవరం. రాత్రి రైలెక్కితే తెల్లారేసరికి లింగంపల్లిలో దిగొచ్చు. మా మరిది కొండాపూర్లో ఉంటాడు. సాఫ్ట్‌వేర్‌లో చేరి పద్నాలుగేళ్ళయింది. మా తోడికోడలూ ఉద్యోగస్తురాలే.

"శనివారం సెలవే వదినా, నా సామ్రాజ్యం చూపిస్తా రండి" అంటూ ముందు అమీర్‌పేట తీసుకెళ్ళాడు. మైత్రీవనం చుట్టూ ఎటు చూసినా కంప్యూటర్ కోర్సుల బోర్డులే. అక్కడ మెట్రో ఎక్కాం. హైదరాబాద్‌లో మెట్రో 2017 నవంబరులో మొదలైంది. హైటెక్ సిటీ దాకా 2019 మార్చిలో, ఆ పక్కనే ఉన్న రాయదుర్గం దాకా అదే ఏడాది నవంబరులో వచ్చింది.

"అమీర్‌పేటలో కోర్సు నేర్చుకుని హైటెక్ సిటీలో ఉద్యోగం తెచ్చుకోవడానికి నాకు రెండేళ్ళు పట్టింది వదినా. ఇప్పుడు ఇరవై నిమిషాలే!" అన్నాడు. దారిలో పెద్దమ్మ గుడి స్టేషన్ వచ్చింది. "ఇంటర్వ్యూలకెళ్ళే వాళ్ళు దిగి దణ్ణం పెట్టుకోవడానికి" అన్నాడు. మా మరిది మాటలన్నీ ఇలాగే ఉంటాయి.

హైటెక్ సిటీలో దిగి సైబర్ టవర్స్ చూశాం. గుండ్రంగా, పది అంతస్తులతో ఉంటుంది. 1998 నవంబరు 22న అప్పటి ప్రధానమంత్రి వాజ్‌పేయి గారు ప్రారంభించారు. ఇప్పుడు చుట్టూ లేచిన అద్దాల మేడల మధ్య అది పెద్దింటి పెళ్ళిలో ముసలి మేనత్తలా ఒద్దికగా కూర్చుంది.

"ఇంతకీ నువ్వు చేసే పనేంటయ్యా?" అని అడిగేశాను. పద్నాలుగేళ్ళుగా అడగాలనుకుంటున్న ప్రశ్న!

"అమెరికాలో ఒక కంపెనీ వాళ్ళ ప్రోగ్రాములు ఆగిపోకుండా చూసుకోవడం వదినా. అన్నీ సవ్యంగా నడిస్తే నేనొకణ్ణి ఉన్నానని ఎవరికీ తెలీదు. పది నిమిషాలు ఆగితే పదిమంది ఫోన్ చేస్తారు."

నాకు నవ్వాగలేదు. మన వంటింటి ఉద్యోగమూ అదే కదా! ఇడ్లీ దూదిలా వస్తే ఎవరూ నోరెత్తరు. సాంబార్లో ఉప్పెక్కువైన రోజు మాత్రం ఇంటిల్లిపాదికీ నాలుకలు లేస్తాయి.

"రోజూ ఒక మీటింగు ఉంటుంది. నిన్నేం చేశావు, ఇవాళేం చేస్తావు అని అడుగుతారు. నిన్నంతా మీటింగుల్లోనే ఉన్నానని చెప్పలేం కదా!" అన్నాడు మళ్ళీ.

ఇంకో విచిత్రం మా తోడికోడలు చెప్పింది. అమెరికాలో ఏడాదికి రెండుసార్లు గడియారం మారుస్తారట. మార్చి రెండో ఆదివారం ఒక గంట ముందుకి, నవంబరు మొదటి ఆదివారం ఒక గంట వెనక్కి. న్యూయార్క్‌లో ఉదయం తొమ్మిదంటే ఎండాకాలంలో మనకు సాయంత్రం ఆరున్నర, చలికాలంలో ఏడున్నర. "వాళ్ళు గడియారం తిప్పితే ఇక్కడ నా కుక్కర్ టైము మారుతుందక్కా. ఈయన ఒక చెవిలో మీటింగు పెట్టుకునే అన్నం తింటారు" అంది.

కానీ నేనున్న నాలుగు రోజుల్లో ఒక్క రాత్రి కూడా అలాంటి ఫోను రాలేదు. మరిది హాయిగా అందరితో కలిసి భోంచేశాడు. అప్పుడే నాకు ఏదో తేడాగా అనిపించింది.

సైబర్ టవర్స్‌కి దగ్గర్లోనే శిల్పారామం. చేనేత చీరలు, కొండపల్లి బొమ్మలు, మట్టిపాత్రలు చూస్తూ తిరగొచ్చు. లోపల పల్లెటూరి మ్యూజియం ఉంది. గుడిసెల ముందు చేతివృత్తుల వాళ్ళ బొమ్మలు నిజం మనుషుల్లాగే ఉంటాయి. అక్కడ ఆగి మరిది, "ఇంకొన్నాళ్ళకి నా బొమ్మ కూడా ఇక్కడ పెడతారు వదినా, ముందు లాప్‌టాప్ పెట్టి" అన్నాడు. ఈసారి నేను నవ్వలేదు.

"ఏమైంది?" అన్నాను.

వాళ్ళ ప్రాజెక్టు అయిపోయి రెండు నెలలైందట. దాన్ని 'బెంచి' అంటారు. జీతం వస్తుంది, పనుండదు. త్వరలో వేరే ప్రాజెక్టులో చోటు దొరక్కపోతే వెళ్ళిపొమ్మనొచ్చు. "నేను రెండు రోజులు రాసేదాన్ని ఇప్పుడు ఏఐ నిమిషాల్లో రాసిస్తోంది. సరిగ్గా రాసిందో లేదో చూడ్డానికి మనిషి కావాలి. ఎంతమంది కావాలన్నదే ప్రశ్న. అమ్మకి మాత్రం చెప్పకండి" అన్నాడు.

ఆ రాత్రి ముగ్గురం డైనింగ్ టేబుల్ దగ్గర కూర్చున్నాం. నాకు కంప్యూటర్ రాదు గానీ ఇంటి ఖర్చుల లెక్క వచ్చు కదా! నోటుబుక్కులో మధ్యన గీత కొట్టాను. ఒకవైపు ఆపలేనివి: ఇంటి లోన్ వాయిదా, పాప ఫీజు, ఆరోగ్య బీమా, పాలు, కిరాయం. ఇంకోవైపు ఆపగలిగినవి: కొత్త కారు ఆలోచన, వారానికి మూడుసార్లు తెప్పించుకునే భోజనాలు, చూడకుండానే డబ్బు కడుతున్న సినిమా యాప్‌లు. తోడికోడలి జీతం, దాచుకున్న డబ్బు కలిపి చూస్తే తొమ్మిది నెలలు ఇబ్బంది లేదని తేలింది. "ఇన్నాళ్ళూ భయపడ్డాను గానీ కూడి చూడలేదు వదినా" అన్నాడు మరిది. మీ ఇళ్ళల్లోనూ సాఫ్ట్‌వేర్ వాళ్ళుంటే, పని బాగా నడుస్తున్నప్పుడే ఈ లెక్క ఒకసారి వేయించండి.

హైటెక్ సిటీ చూడ్డానికి వెళ్తే శనివారమో ఆదివారమో పెట్టుకోండి. మిగతా రోజుల్లో ఆఫీసులు వదిలే వేళ ఆ రోడ్ల మీద కార్లు బియ్యంలో రాళ్ళలా కాదు, రాళ్ళలో బియ్యంలా కదలకుండా ఉంటాయి. చీకటి పడ్డాక దుర్గం చెరువు తీగల వంతెన దీపాలు చూడండి. 2020 సెప్టెంబరులో మొదలైంది.

మొన్న మరిది ఫోన్ చేశాడు. కొత్త ప్రాజెక్టు దొరికిందట, లండన్ వాళ్ళది. చలికాలంలో వాళ్ళ ఉదయం తొమ్మిదికి మనకి మధ్యాహ్నం రెండున్నర. "రాత్రి అన్నం మాత్రం రెండు చెవులూ ఖాళీగా పెట్టుకుని తింటున్నా వదినా" అన్నాడు.