రంపపు పొట్టు

మా చిన్నతనంలో రంపపు పొట్టుకి మంచి మర్యాద ఉండేది. గోనెసంచి పట్టుకెళ్లి అడితీలో కొనుక్కొచ్చేవాళ్లం. ఇనప పొయ్యి మధ్య రోకలి నిలబెట్టి, చుట్టూ పొట్టు కూరి, రోకలి లాగేస్తే సరి, పూటంతా సన్నగా మండేది. గ్యాస్ వచ్చాక ఆ పొయ్యి అటకెక్కింది. పొట్టు మాత్రం మళ్లీ మా ఇంటికి వచ్చింది, నా మూలాన.

పగలు కాలేజీలో ప్రబంధాలు చెప్పడం, సాయంత్రం కారు షెడ్డులో చెక్కపని చేసుకోవడం నాకు అలవాటు. (కారు లేదు లెండి, షెడ్డే ఉంది.) ఉలీ చిత్రికా ఉన్నంతకాలం పేచీ లేదు. చిత్రిక పట్టిన పొర చుట్టలు చుట్టుకుని కాళ్లదగ్గరే పడుతుంది. కరెంటు రంపమూ, చెక్కను నునుపుచేసే యంత్రమూ వచ్చాకే చిక్కంతా. షెడ్డు పైగదిలో మా అమ్మ ఉంటుంది. ఆవిడకు ఉబ్బసం. ఓ రాత్రంతా దగ్గు ఆగలేదు. మర్నాడు మా ఆవిడ కాఫీ గ్లాసు బల్లమీద పెట్టి, "ఏమండీ, అత్తయ్యగారో, రంపమో తేల్చుకోండి" అంది.

కిందపడే పొట్టుకి చీపురు చాలు. తంటా అంతా పడనిదానితోనే. తలవెంట్రుక మందం సుమారు 70 మైక్రాన్లు. పదికి లోపున్న ధూళి గంటలకొద్దీ గాలిలో తేలుతూ ఊపిరితిత్తులదాకా పోతుంది. చీకట్లో టార్చి వేస్తేగాని కనిపించదు. ప్రపంచ ఆరోగ్య సంస్థవారి క్యాన్సర్ పరిశోధన విభాగం 1995లోనే కలపధూళిని క్యాన్సర్ కారకాల జాబితాలో చేర్చింది. ముక్కు లోపల వచ్చే క్యాన్సర్‌కి దానితో సంబంధం ఉందట. టేకు వాసన కమ్మగా ఉంటుందని మురిసిపోయేవాళ్లం!

ఇక లాభంలేదని ధూళిని లాగే యంత్రం బిగించాను. గాలి పక్కనుంచి దూరి, గరాటులాంటి డబ్బాలో గిర్రున తిరుగుతుంది. బరువైన పొట్టు గోడకు కొట్టుకుని కింది డ్రమ్ములోకి జారుతుంది. తేలిక ధూళి గాలితోపాటు పైకిపోయి వడపోతకు చిక్కుతుంది. ఈ వడపోత దగ్గరే జాగ్రత్త సుమా! చాలా యంత్రాలకు 30 మైక్రాన్ల గుడ్డసంచి తగిలించి ఇస్తారు. అది పెద్ద పొట్టును ఆపి, అసలు శత్రువును గదిలోకే తిరిగి చల్లుతుంది. నేను 1 మైక్రాన్ దాకా పట్టే మడతల వడపోత వేరే కొన్నాను. "అంతా బయటికి ఊదేస్తే పోలా, బావా?" అన్నాడు మా బావమరిది. పక్కింటి డాబామీద వడియాలు ఎండుతుంటాయి మరి.

గొట్టం 4 అంగుళాలది. లావుగా, పొట్టిగా ఉండాలి. 90 డిగ్రీల మలుపు ఒకటి పెట్టేకన్నా 45వి రెండు పెడితే గాలికి ఆయాసం తక్కువ. వ్యాకరణంలో సంధి ఎంత ముఖ్యమో, అతుకుల్లో సందు లేకపోవడం అంత ముఖ్యం. ఏ యంత్రం నడుస్తోందో దాని గొట్టపు తలుపే తెరవాలి, మిగతావి మూసెయ్యాలి. అయినా ఉప్పుకాగితం పట్టేటప్పుడు ముక్కుకి ఎన్95 ముసుగు తప్పదు. పని అయ్యాక కూడా యంత్రాన్ని కాసేపు నడవనిస్తాను.

మూడు నెలలయింది. అమ్మ దగ్గు పోయిందని చెప్పను, చలికాలం ఇంకా రాలేదు. కాని రాత్రిళ్లు నిద్రపోతోంది. నిన్న సాయంత్రం పరీక్ష పేపర్లు దిద్దుతూ కూర్చుంటే పైనుంచి కేకేసింది:

"ఏరా, ఇవాళ నీ రంపం మోగడంలేదేం?"