లాటరీ టిక్కెట్టు, ఆసుపత్రి బిల్లు

లాటరీ అనగానే మన ఇళ్ళలో పెద్దవాళ్ళు మొహం చిట్లిస్తారు. పేకాట, గుర్రప్పందాల సరసన దాన్నీ చేర్చేస్తారు. నేనూ ఆ మాటలు వింటూ పెరిగినదాన్నే. కానీ మావారి రైల్వే ఉద్యోగం వల్ల 2014 నుంచి ఎనిమిదేళ్ళు కేరళలోని పాలక్కాడులో కాపురం ఉన్నాను. లాటరీకి రెండో వైపు కూడా ఉంటుందని అక్కడే తెలిసింది. ఆ రెండు వైపులూ మీతో పంచుకోవాలనిపించింది.

కేరళలో లాటరీ నడిపేది సాక్షాత్తూ రాష్ట్ర ప్రభుత్వమే. 1967లో ప్రైవేటు లాటరీలను ఆపించి, ప్రభుత్వమే ఒక శాఖ పెట్టింది. అప్పటి ఆర్థిక మంత్రి పి.కె.కుంజు గారు. 1968 జనవరి 26న మొదటి డ్రా తీశారు. టిక్కెట్టు ఒక్క రూపాయి, మొదటి బహుమతి 50 వేలు. ఇప్పుడైతే మధ్యాహ్నం 3 గంటలకి తిరువనంతపురంలో డ్రా తీస్తారు. ఒక్కో రోజు లాటరీకి ఒక్కో పేరు. "ఇన్ని పేర్లెందుకండీ?" అని మావారిని అడిగితే, 1998 నాటి కేంద్ర చట్టం ప్రకారం ఒక లాటరీకి వారానికి ఒక్క డ్రాయే ఉండాలట, అందుకని రోజుకో పేరు పెట్టారని చెప్పారు. అమ్మకం సొమ్ము ప్రభుత్వ ఖాతాలోనే జమ కావాలనీ, డ్రా ప్రభుత్వమే తీయాలనీ, ఎవరూ అడగని బహుమతి డబ్బు ప్రభుత్వానికే చెందాలనీ కూడా అదే చట్టంలో ఉంది.

ఈ లాటరీ మీద బతికేవాళ్ళూ ఎక్కువే. బస్టాండు దగ్గర, గుడి దగ్గర టిక్కెట్లు అమ్మేవాళ్ళలో కాళ్ళు లేనివాళ్ళు, చూపు లేనివాళ్ళు, ముసలివాళ్ళు, భర్త పోయిన ఆడవాళ్ళు కనబడతారు. చెయ్యి చాచకుండా టిక్కెట్టు అమ్ముకుని ఇంటికి బియ్యం తీసుకుపోతారు. వాళ్ళకోసం ఒక సంక్షేమ నిధి బోర్డు కూడా ఉంది.

మా పక్కింటి చేచ్చి (అక్కడ అక్కని అలా పిలుస్తారు) వాళ్ళాయన టైలరు. 2016లో ఆయన గుండెకి ఆపరేషన్ అన్నారు. ఆవిడ మెడలో ఉన్నదంతా అమ్మినా సగానికి కూడా రాదు. అప్పుడెవరో 'కారుణ్య' గురించి చెప్పారు. 2011లో కారుణ్య అనే పేరుతో ఒక లాటరీ మొదలుపెట్టి, దాని ఆదాయంతో పేదల వైద్యానికి ఒక నిధి ఏర్పాటు చేశారు. అప్పుడు ఆర్థిక మంత్రి కె.ఎం.మాణి గారు. గుండె, కిడ్నీ, కాన్సర్ జబ్బులకి ఆ నిధి నుంచి సాయం అందేది. చేచ్చి రేషన్ కార్డు, డాక్టరు రాసిచ్చిన ఖర్చు అంచనా పట్టుకుని జిల్లా లాటరీ ఆఫీసు చుట్టూ తిరిగింది. నేను కూడా రెండుసార్లు తోడు వెళ్ళాను. సాయం మంజూరై, డబ్బు నేరుగా ఆసుపత్రికే చేరింది. ఆయన మళ్ళీ మిషను ముందు కూర్చున్న రోజున చేచ్చి పాయసం చేసి తెచ్చింది. ఎవరెవరో కొన్న టిక్కెట్లు ఒక ఇంటి దీపాన్ని నిలబెట్టాయి. ఇది నా కళ్ళతో చూసిందే.

ఇక రెండో వైపు. మా ఇంట్లో పనిచేసే అమ్మాయి భర్త తాపీ పనికి వెళ్ళేవాడు. 2021లో టిక్కెట్టు 40 రూపాయలు. రోజుకొకటి కొనేవాడు. ఒక్కోసారి వంద రూపాయలు తగిలేవి, వాటితో ఇంకో రెండు కొనేవాడు. "అమ్మా, మొదటి బహుమతి వస్తే నీకు కొత్త చీర" అని ఆ అమ్మాయి నవ్వుతూ అనేది. నేను కాగితం మీద లెక్క వేసి చూపించాను. రోజుకి 40 అంటే నెలకి 1,200, ఏడాదికి 14,400 పైనే. అది వాళ్ళ పిల్ల బడి ఖర్చు. ఒక్కో డ్రాకి సుమారు కోటి టిక్కెట్లు వేస్తారు, మొదటి బహుమతి వాటిలో ఒక్కదానికే. ఆ కాగితం ఆ అమ్మాయి ఇంటికి పట్టుకెళ్ళింది. అతను మానెయ్యలేదు గానీ వారానికి ఒక్కటికి తగ్గించాడు. మిగిలింది పిల్ల పేరున పోస్టాఫీసులో కట్టించుకుంది.

అప్పటినుంచీ నాకొక్కటే ఆలోచన. టైలరు గుండెకి కుట్లు వేయించిన డబ్బూ, మేస్త్రి ఇంటి బియ్యం డబ్బూ ఒక్కటేగా! ఉన్నవాళ్ళు సరదాకి ఎప్పుడో ఒకటి కొంటారు. రోజూ కొనేది కూలి చేసుకునేవాడే. టిక్కెట్ల సొమ్ములో పెద్ద వాటా బహుమతులకే పోతుంది, తర్వాత కమీషన్లూ, పన్నులూ, ఖర్చులూ. అన్నీ పోగా మిగిలిందే జనం మంచికి. పైగా లాటరీ లేకపోతే పేదవాడికి వైద్యం అందదని కూడా కాదు. మన దగ్గర 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ లాటరీ టిక్కెట్ల మీద నడిచింది కాదు, ప్రభుత్వ ఖజానా నుంచి నడిచిందే. తమిళనాడు 2003లో లాటరీలను పూర్తిగా ఆపేసింది, అయినా అక్కడ ప్రభుత్వాసుపత్రులు నడుస్తూనే ఉన్నాయి.

అలాగని కేరళ పద్ధతిని తీసిపారేయలేను. చేచ్చి ముఖం గుర్తొస్తే నోరు రాదు. నా ఉద్దేశం ఇంతే. లాటరీ టిక్కెట్టు కొంటే హుండీలో వేసినట్టు కొనాలి. ఆ డబ్బు పోయిందనుకోవాలి, ఎవరికో మందులకి ఉపయోగపడిందనుకోవాలి. దాన్ని పొదుపు లెక్కలో మాత్రం రాయకూడదు.

మరో మాట. మన రెండు తెలుగు రాష్ట్రాల్లో ప్రభుత్వ లాటరీ లేదు. కేరళ ప్రభుత్వ లాటరీ కాగితం టిక్కెట్టుగా కేరళలోనే అమ్ముతారు. ఫోన్లో అమ్మరు. అందుకని "మీకు కేరళ లాటరీ తగిలింది, ముందు పన్ను కట్టండి" అని ఫోనుకి మెసేజి వస్తే నమ్మకండి. కొనని టిక్కెట్టుకి బహుమతి ఎక్కడినుంచి వస్తుంది? శబరిమల వెళ్ళిన మీవారు అక్కడ సరదాకి ఒకటి కొని తెస్తే మాత్రం కోప్పడకండి. ఒక్కటే కొన్నారా అని మాత్రం తప్పక అడగండి!